బీమర్ వెళ్లి పదేళ్లయింది, ఇప్పుడు మూడో కోచ్ వచ్చాడు. ఈయనైనా నిలుస్తాడా?

#1 హోకీ2009
నిన్న, 2025 నవంబర్ 17న, జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని వర్జీనియా టెక్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ కొత్త హెడ్ కోచ్‌గా ప్రకటించినప్పటి నుంచి మా ఎమ్మెస్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు మోగుతూనే ఉంది. అక్కడ ఎంత రాసినా తనివి తీరక ఇక్కడ మొదలుపెడుతున్నా. ఇక్కడ పిల్లల్ని టెక్‌లో చదివిస్తున్న తల్లిదండ్రులున్నారు, వేరే యూనివర్సిటీల్లో చదివినవాళ్లూ ఉన్నారు, అందరి మాటా వినాలని ఉంది.

నా ప్రశ్న ఫ్రాంక్లిన్ గురించి కాదు. ఫ్రాంక్ బీమర్ 1987లో వచ్చి 2015 దాకా, అంటే 29 సీజన్లు మా కోచ్. టెక్ తరఫున 238 గెలుపులు. 1993 నుంచి ఆయన దిగేదాకా 23 ఏళ్లు ఒక్క ఏడాది కూడా తప్పకుండా బౌల్ గేమ్, అంటే సీజన్ చివర బాగా ఆడిన టీమ్‌లకి దక్కే మ్యాచ్, ఆడించాడు. ఆయన వెళ్లాక ఈ పదేళ్లలో ఇద్దరు వచ్చారు, ఇద్దరినీ మధ్యలోనే పంపించేశారు. ఒక మనిషి స్థానంలో ఇంకో మనిషిని తేవడం ఇంత కష్టమా? తప్పు వచ్చినవాళ్లదా, తెచ్చినవాళ్లదా, లేక ప్రతి ఆదివారం కొత్తాయన్ని పాతాయనతో తూచే మనదా?

నాకు ఇది ఎందుకంత ముఖ్యమో కూడా చెబుతాను. 2007 ఏప్రిల్ 16న క్యాంపస్‌లో కాల్పులు జరిగి 32 మంది చనిపోయారు. వాళ్లలో మన దేశం నుంచి వచ్చిన ప్రొఫెసర్ ఒకరు, విద్యార్థిని ఒకరు. అప్పటికే నా చేతిలో అడ్మిట్ ఉంది. గుంటూరులో మా అమ్మ వెళ్లొద్దని ఏడ్చింది. అయినా ఆగస్టులో వచ్చేశాను. సెప్టెంబర్ 1న ఈస్ట్ కరోలినాతో మొదటి మ్యాచ్. సీనియర్లు లాక్కెళితే వెళ్లాను. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చూడటమే మొదటిసారి, ఒక్క రూల్ తెలియదు. 17-7తో గెలిచాం. ఆట అర్థం కాలేదు కానీ నా పక్కన నిలబడి చేతిరుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్న పెద్దాయన అర్థమయ్యాడు. ఆ ఊరికి ఆ రోజు ధైర్యం చెప్పే మనిషి ఒకడు కావాలి, మైదానం అంచున బీమర్ కనబడుతున్నాడు. నేను ఆ టీమ్‌ని పట్టుకుని ఉండటానికి అదే కారణం.

#2 757_వాసు
అన్నా, నా జవాబు ఒక్క ముక్కలో చెబుతా. తెచ్చినవాళ్లదే తప్పు. వివరంగా రాత్రికి రాస్తా, డ్యూటీలో ఉన్నా.

#3 ఆష్‌బర్న్_అమ్మ
మా అబ్బాయి టెక్‌లో రెండో సంవత్సరం, కంప్యూటర్ ఇంజినీరింగ్. ఫోన్ చేస్తే చదువు సంగతి ఒక నిమిషం, ఈ కోచ్ సంగతి ఇరవై నిమిషాలు చెబుతున్నాడు. వాడితో మాట కలపడానికైనా నాకు ఇది తెలియాలి. బీమర్ పేరు విన్నాను, స్టేడియం దగ్గర విగ్రహం కూడా చూశాను. మధ్యలో వచ్చిన ఇద్దరు ఎవరు? ఎందుకు పోయారు? కోచ్‌ని తీసేస్తే కోట్ల డాలర్లు ఇస్తారట, ఆ డబ్బు మా ఫీజుల్లోంచి పోతుందా? తెలిసినవాళ్లు కాస్త మొదటి నుంచి చెప్పండి బాబూ.

#4 హోకీ2009
చెబుతానండి.

బీమర్ 2015 నవంబర్ 1న, సీజన్ అయిపోగానే దిగిపోతానని చెప్పాడు. నెల తిరగకముందే అథ్లెటిక్ డైరెక్టర్ విట్ బాబ్‌కాక్, మెంఫిస్ కోచ్ జస్టిన్ ఫ్యూంటేని తెచ్చాడు. అప్పట్లో దేశమంతా మెచ్చుకున్న నియామకం అది. మెంఫిస్ అంతకుముందు ఎవరూ లెక్కలోకి తీసుకోని టీమ్, దాన్ని ఫ్యూంటే నిలబెట్టాడు. అన్నిటికన్నా పెద్ద విషయం, బీమర్ దగ్గర డిఫెన్స్ నడిపిన బడ్ ఫాస్టర్‌ని ఉండమని అడిగి ఉంచుకున్నాడు. ప్రతి వారం స్పెషల్ టీమ్స్‌లో ఒక ఆటగాడికి బీమర్ జెర్సీ నంబర్ 25 ఇచ్చేవాడు. పెద్దాయన పట్ల గౌరవం చూపించలేదని ఎవరూ అనలేరు.

మొదటి ఏడాది 2016లో 10 గెలుపులు, 4 ఓటములు. మా లీగ్ ఏసీసీ ఫైనల్లో క్లెమ్సన్ మీద 42-35తో ఓడాం, ఆ క్లెమ్సనే ఆ ఏడాది జాతీయ ఛాంపియన్. చివరి బౌల్ గేమ్‌లో ఆర్కాన్సా మీద 24-0 వెనకబడి 35-24తో గెలిచాం. ఆ రాత్రి నేను మా ఆవిడతో, బీమర్ తర్వాత కూడా మనకి ఢోకా లేదు అన్నాను.

2018లో ఓల్డ్ డొమినియన్ మీద 49-35తో ఓడిపోయాం. ఆ టీమ్ 2009లో ఆట మళ్లీ మొదలుపెట్టిన చిన్న టీమ్. ఆ ఏడాది 6-7, అంటే 6 గెలుపులు, 7 ఓటములు. 2019లో, పదిహేనేళ్లుగా మమ్మల్ని ఒక్కసారి కూడా ఓడించలేకపోయిన వర్జీనియా యూనివర్సిటీ చేతిలో ఓడాం. ఆ సీజన్‌తోనే ఫాస్టర్ రిటైరయ్యాడు. వెంటనే 2020 జనవరిలో ఫ్యూంటే బేలర్ ఉద్యోగం కోసం మాట్లాడి వచ్చాడని వార్త. ఇక్కడే ఉంటానన్నాడు, కానీ జనం మనసు విరిగింది. 2021 నవంబర్‌లో పంపేశారు. మొత్తం లెక్క 43-31.

తర్వాత బ్రెంట్ ప్రై. తొంభైల్లో మా దగ్గరే బీమర్, ఫాస్టర్‌ల కింద పనిచేసినవాడు, తర్వాత పెన్ స్టేట్‌లో ఇదే ఫ్రాంక్లిన్ కింద డిఫెన్స్ చూశాడు. మంచి మనిషి. 3-8, 7-6, 6-7, ఈ ఏడాది మొదటి మూడూ ఓటమే. ఆ మూడోది మళ్లీ ఓల్డ్ డొమినియన్ చేతిలోనే, మన ఊళ్లోనే, 45-26. మర్నాడు తీసేశారు. మొత్తం 16-24.

బయటివాణ్ణి తెచ్చి చూశారు, ఇంటివాణ్ణి తెచ్చి చూశారు. రెండూ కుదరలేదు. అందుకే ఈ ప్రశ్న వేశాను.

#5 లెక్కల_లక్ష్మి
అక్కా (@ఆష్‌బర్న్_అమ్మ), డబ్బు సంగతి నేను చెబుతా, అది నా పని కూడా.

కోచ్‌కి అయిదారేళ్ల కాంట్రాక్టు ఇస్తారు. మధ్యలో పంపిస్తే మిగిలిన జీతంలో చాలా భాగం ఇవ్వాల్సిందే, దాన్నే బయ్‌అవుట్ అంటారు. 2023లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ జింబో ఫిషర్‌ని పంపడానికి 7 కోట్ల 60 లక్షల డాలర్ల పైన కట్టడానికి ఒప్పుకుంది. ఫ్రాంక్లిన్‌ని అక్టోబర్‌లో తీసేసినప్పుడు పెన్ స్టేట్ నెత్తిన దాదాపు 4 కోట్ల 90 లక్షలు పడింది. ఆయన ఇక్కడ చేరడంతో 90 లక్షలకు తేల్చుకున్నారు. ఈ డబ్బులో ఎక్కువ భాగం దాతల దగ్గర నుంచి, టీవీ ఒప్పందాల నుంచి వస్తుంది. అయినా టెక్ విద్యార్థుల ఫీజు బిల్లు తీసి చూడండి, కాంప్రహెన్సివ్ ఫీజులో అథ్లెటిక్స్‌కి అని ఒక భాగం ఉంటుంది. కాబట్టి మీ ప్రశ్న సరైన ప్రశ్నే, తల్లిదండ్రులు అడగాల్సిందే.

ఇంకో సంగతి. ఈ జూలై నుంచి యూనివర్సిటీలు ఆటగాళ్లకే నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, ఏడాదికి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. సెప్టెంబర్ ఆఖర్లో టెక్ బోర్డు, నాలుగేళ్లలో అదనంగా 22 కోట్ల 90 లక్షల డాలర్లు అథ్లెటిక్స్‌కి పెట్టడానికి ఒప్పుకుంది. ఫ్రాంక్లిన్ లాంటివాడు టెక్ ఉన్న బ్లాక్స్‌బర్గ్ రావడానికి ఒప్పుకోవడం వెనుక ఇదే పెద్ద కారణమని నా నమ్మకం. ఇందులో సగం ధైర్యం 2016లో చేసి ఉంటే ఈ థ్రెడ్ అవసరమే లేకపోయేది.

#6 బ్లాక్స్‌బర్గ్_పీహెచ్‌డీ
ఎవరూ అనని మాట ఒకటి అంటా, కోపం తెచ్చుకోకండి. బీమర్ నాలుగేళ్లు ముందే దిగాల్సింది. 2004 నుంచి 2011 దాకా ఎనిమిదేళ్లు వరుసగా పదేసి గెలుపులు, నాలుగు ఏసీసీ టైటిళ్లు. అక్కడ ఆగి ఉంటే? ఆ తర్వాత 7-6, 8-5, 7-6, 7-6. ఫ్యూంటే చేతికి వచ్చింది 2010 నాటి టీమ్ కాదు, అప్పటికే బీటలు వారిన ఇల్లు. మనం మాత్రం స్టార్ ఆటగాడు మైకేల్ విక్ ఆడిన 1999 సీజన్‌ని తలుచుకుంటూ కొత్తాయన్ని దాంతో తూచాం.

#7 757_వాసు
మరి 1992 సంగతి చెప్పవేం తమ్ముడూ? బీమర్ మొదటి ఏడాది 1987లో గెలిచింది రెండే. ఆరో ఏడాది 1992లోనూ రెండే. ఈ రోజుల్లో అయితే అక్టోబర్‌లోనే బయటికి పంపేవాళ్లు. అప్పటి డైరెక్టర్ డేవ్ బ్రెయిన్ ఆయన్ని ఉంచి, సహాయ కోచ్‌లను మార్పించాడు. మర్నాటి ఏడాదే 9-3, ఆ బౌల్ గేమ్‌ల వరస అక్కడే మొదలైంది. ఆయన కోసం ఆరేళ్లు ఆగినవాళ్లం కదా, ఆయన ఒంట్లో బాగోకపోయినా నిలబడిన ఆఖరి ఏళ్లకి నాలుగేళ్లు ఇవ్వలేమా? 2014 డిసెంబర్‌లో గొంతు ఆపరేషన్ అయ్యి కూడా వచ్చాడు మనిషి.

ఇక పొద్దున చెప్పిన మాట. నేను వర్జీనియా బీచ్‌లో 18 ఏళ్లుగా ఉంటున్నా, 757 అంటే మా ఏరియా కోడ్. మైకేల్ విక్ న్యూపోర్ట్ న్యూస్, టైరాడ్ టేలర్ హాంప్టన్, క్యామ్ ఛాన్స్‌లర్ నార్‌ఫోక్, డియాంజెలో హాల్ చెసపీక్. అందరూ ఈ నీళ్ల పక్క ఊళ్లవాళ్లే. బ్లాక్స్‌బర్గ్ ఇక్కడికి అయిదు గంటల దూరం, కొండల్లో ఊరు. వీళ్లని అంత దూరం తీసుకుపోయింది ఏంటి? బీమర్, ఆయన సహాయకులు ఇక్కడి హైస్కూల్ కోచ్‌లతో పాతికేళ్లుగా నడుపుకున్న చుట్టరికం. మా ఎదురింటాయన ఇక్కడ హైస్కూల్లో సహాయ కోచ్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది, బీమర్ మనుషులు మా దగ్గర మంచి ఆటగాడు లేని ఏడాది కూడా వచ్చి కాఫీ తాగి వెళ్లేవాళ్లు అని.

ఫ్యూంటే ఓక్లహోమా మనిషి, మెంఫిస్ నుంచి వచ్చాడు, ఇక్కడ ఎవరూ తెలియదు. అది ఆయన నేరం కాదు. కానీ తెచ్చినవాళ్లు ఆ చుట్టరికం ఎవరి చేతిలో పెడుతున్నాం అని ఆలోచించారా? మా పిల్లలు పెన్ స్టేట్‌కి, నార్త్ కరోలినాకి, క్లెమ్సన్‌కి పోవడం మొదలుపెట్టారు. పెన్ స్టేట్ తరఫున వచ్చి వాళ్లని పట్టుకుపోయింది ఎవరనుకున్నారు? ఈ ఫ్రాంక్లినే.

#8 ఒమాహా_శీను
నెబ్రాస్కా నుంచి. మీ బాధ మాకు కొత్త కాదు సోదరా.

టామ్ ఆస్బోర్న్ 1973 నుంచి 1997 దాకా 25 ఏళ్లు, 255 గెలుపులు, మూడు జాతీయ టైటిళ్లు. వెళ్తూ వెళ్తూ తన సహాయకుడు ఫ్రాంక్ సోలిచ్‌కి అప్పగించాడు. సోలిచ్ ఆరేళ్లలో 58-19 తెచ్చాడు, 2001 సీజన్‌లో టైటిల్ మ్యాచ్ దాకా తీసుకెళ్లాడు. అయినా 2003లో, 9-3 సీజన్‌లో తీసేశారు! తొమ్మిది గెలిచినవాణ్ణి. నెబ్రాస్కా మామూలు టీమ్ అయిపోతుంటే చూస్తూ ఊరుకోం అన్నట్టు మాట్లాడారు అప్పుడు. తర్వాతి ఏడాది 5-6, 1969 నుంచి వస్తున్న బౌల్ గేమ్‌ల వరస తెగిపోయింది. 2007లో ఆస్బోర్న్‌నే డైరెక్టర్‌గా వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఇవాళ్టికీ ఆ పాత రోజులు రాలేదు. ఇక్కడ ఇండియన్ గ్రోసరీ షాపులో బిల్లు కొట్టే పెద్దావిడ కూడా సోలిచ్‌కి అన్యాయం జరిగిందని అంటుంది.

మీరు ఫ్యూంటేని ఆరేళ్లు ఉంచారు. మేము తొందరపడ్డాం, మీరు ఆలస్యం చేశారు. రెండు చోట్లా ఒకటే జరిగింది. అదే నాకు అంతుపట్టదు.

#9 బ్లాక్స్‌బర్గ్_పీహెచ్‌డీ
@757_వాసు అన్నా, 1992 మాట ఒప్పుకుంటున్నా. అది నేను మర్చిపోయి రాయలేదు, నిజంగానే నాకు అంత వివరం తెలియదు. కానీ ఇప్పుడు ఆరేళ్లు ఆగే వీలుందా? 2021 నుంచి ఆటగాడు ఒక టీమ్ వదిలి ఇంకో టీమ్‌కి వెళ్తే ఏడాది కూర్చోవాల్సిన పని లేదు. కోచ్ మారితే సగం టీమ్ సామాను సర్దుకుంటుంది. అలబామాలో 2024 జనవరి 10న నిక్ సేబన్ రిటైర్మెంట్ అనగానే రెండు రోజుల్లో వాషింగ్టన్ నుంచి కేలెన్ డిబోర్‌ని తెచ్చారు. అంత హడావిడి ఎందుకంటే ఆగిన ప్రతి రోజూ ఆటగాళ్లు జారిపోతారు. అయినా చాలామంది వెళ్లిపోయారు, మొదటి ఏడాది 9-4. అలబామాకే అలా ఉంటే మన సంగతేంటి?

#10 సీడర్‌ర్యాపిడ్స్_సుధ
అయోవా ఉదాహరణ ఎవరూ ఎత్తలేదు. హేడెన్ ఫ్రై 1979 నుంచి 1998 దాకా ఇరవై ఏళ్లు. ఆయన తర్వాత కర్క్ ఫెరెంట్జ్, 1999 నుంచి ఇవాళ్టి దాకా ఆయనే! అంటే 1979 నుంచి ఇద్దరే కోచ్‌లు. కానీ ఫెరెంట్జ్ మొదటి ఏడాది 1-10, రెండో ఏడాది 3-9. అప్పుడు పంపేసి ఉంటే? నాలుగో ఏడాది 11-2. ఫెరెంట్జ్ బయటివాడు కాదు, ఎనభైల్లో ఫ్రై దగ్గర తొమ్మిదేళ్లు లైన్ కోచ్‌గా చేసి వెళ్లి, మళ్లీ వచ్చాడు. ఆ ఊరి పద్ధతి తెలుసు, బయట ప్రపంచమూ తెలుసు. అలాంటి మనిషి ప్రతిచోటా దొరకడు, నిజమే. దొరికినప్పుడు మాత్రం ఆగగలగాలి.

#11 హోకీ2009
సుధ గారూ, ప్రై కూడా అలాంటివాడే అనుకునే తెచ్చారండి. ఇక్కడ పనిచేసి వెళ్లాడు, బయట నేర్చుకుని వచ్చాడు. కాకపోతే అంతకుముందు ఎక్కడా హెడ్ కోచ్‌గా చేయలేదు, పైగా చేతిలో డబ్బు లేదు.

#12 డ్రిల్‌మాస్టారి_అబ్బాయి
చాలా రోజులుగా చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి. నాకు అమెరికన్ ఫుట్‌బాల్ పెద్దగా తెలియదు. రిచ్‌మండ్‌లో ఉంటాను, మా అమ్మాయి టెక్‌లో చేరాక చూస్తున్నా. కానీ వాసు గారు రాసిన కాఫీ మాట చదివాక మా నాన్న గుర్తొచ్చి రాయకుండా ఉండలేకపోయా.

మా నాన్న ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్ మాస్టారు. ఒకే బడిలో 22 ఏళ్లు చేశారు. పదోన్నతి వచ్చినా వేరే ఊరు వెళ్లాలని వద్దనుకున్నారు. వాలీబాల్, కబడ్డీ. ఆ చిన్న బడి పిల్లలు జిల్లా టీమ్‌కి ఆడని ఏడాది లేదు. ఆయన రిటైరైనప్పుడు వచ్చిన కొత్త మాస్టారు మా నాన్న కంటే ఎక్కువ చదువుకున్నవాడు, పాటియాలాలో కోచింగ్ డిప్లొమా చేశాడు. కష్టపడేవాడు కూడా, నేను కళ్లారా చూశా, పొద్దున అయిదున్నరకే గ్రౌండ్‌లో సున్నం వేసుకుంటూ కనబడేవాడు. కానీ మూడేళ్లు తిరిగేసరికి టీమ్‌కి పిల్లలే లేరు. ఊరంతా ఆయన్నే అంది, పాత మాస్టారుంటే ఇలా అయ్యేదా అని. మా నాన్న ఆ మాట విన్నప్పుడల్లా తల దించుకునేవారు. ఎందుకో నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పారు.

మా నాన్న సాయంత్రం గ్రౌండ్ అయ్యాక సైకిలేసుకుని పిల్లల ఇళ్లకి వెళ్లేవారు. పొగాకు బ్యారన్ల సీజన్లో తండ్రులు పిల్లల్ని పనికి తీసుకుపోతారు, ఆట ఎందుకు అంటారు. వాళ్లతో అరుగు మీద కూర్చుని, ఈ నెల్రోజులు మీవాణ్ణి నాకు వదిలెయ్యి, నేను చూసుకుంటా అని ఒప్పించేవారు. ఒకరికి చెల్లెలి పెళ్లికి చేబదులు, ఒకరికి ఆసుపత్రికి తోడు. ఏ ఇంట్లో ఎవరు మెత్తన, ఎవరికి ఎవరు చెబితే వింటారు, అంతా ఆయన బుర్రలో ఉండేది. కొత్త మాస్టారికి అప్పగించింది మాత్రం బంతులు, నెట్టు, రిజిస్టరు, బీరువా తాళం. ‘ఆ ఇళ్లకి నేను అతన్ని ఒక్కసారైనా వెంటబెట్టుకుని తిప్పలేదురా, నన్నెవరూ అడగలేదు, నాకూ తోచలేదు’ అన్నారు.

బీమర్ వెళ్లేటప్పుడు ఫ్యూంటేకి ఏం అప్పగించారో నాకు తెలియదు. కానీ హైస్కూల్ కోచ్‌ల ఇళ్లకి ఎవరైనా ఆయన్ని వెంటబెట్టుకుని తిప్పారా అన్నది నా ప్రశ్న.

#13 757_వాసు
అన్నా, దండం. ఇందాకటి నుంచి నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఇదే.

#14 ఆష్‌బర్న్_అమ్మ
చదువుతుంటే కళ్లు చెమర్చాయి. ఆ కొత్త మాస్టారు ఏమయ్యారండీ తర్వాత?

#15 డ్రిల్‌మాస్టారి_అబ్బాయి
బదిలీ పెట్టుకుని వెళ్లిపోయారండి. అక్కడ బాగా చేశారని విన్నాం. మా నాన్న ఆయనకి ఒక ఉత్తరం రాశారు, జవాబు కూడా వచ్చింది. ఆ ఉత్తరం నాన్న పెట్టెలో ఇప్పటికీ ఉంది.

#16 నల్లకుంట_నవీన్
హైదరాబాద్ నుంచి. మీరు మాట్లాడేది వేరే ఫుట్‌బాల్ అని తెలుసు, కానీ ఈ ముచ్చట మా ఊరిది కూడా. సయ్యద్ అబ్దుల్ రహీమ్, మా తాత తరం వాళ్లకి రహీమ్ సాబ్. బడిలో పంతులు. చనిపోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కి కోచ్, 1950 నుంచి భారత జట్టుకి కూడా. సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. క్యాన్సర్‌తోనే 1962 జకార్తా వెళ్లి గెలిపించి వచ్చాడు, 1963 జూన్‌లో పోయాడు. ఆ తర్వాత స్వర్ణం లేదు. 1970లో కాంస్యం వచ్చింది, అప్పటి ఇద్దరు కోచ్‌లలో ఒకరు పి.కె. బెనర్జీ, రహీమ్ సాబ్ దగ్గర ఆడినవాడే. అంటే ఆయన నేర్పింది ఆటగాళ్ల కాళ్లలో ఉన్నన్నాళ్లు నడిచింది.

మా వీధుల్లోంచి ఒలింపిక్స్‌కి పోయినవాళ్లున్నారంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఆయన పోయినప్పుడు ఆయన పనిని ఎవరు ముందుకు తీసుకుపోవాలి అని ఎవరూ కూర్చుని మాట్లాడలేదు అనిపిస్తుంది నాకు. మీ దగ్గర కనీసం అలాంటి చర్చ ఒకటి నడుస్తోంది.

#17 స్టిల్‌వాటర్_కిరణ్
ఓక్లహోమా స్టేట్‌లో చదివా. మాది ఇంకా పచ్చి గాయం. మైక్ గండీ, ఒకప్పుడు మా టీమ్‌లో ఆట నడిపించిన క్వార్టర్‌బ్యాకే, 2005 నుంచి హెడ్ కోచ్. 170 గెలుపులు. ఈ సెప్టెంబర్‌లో ఓరెగాన్ మీద 69-3తో చిత్తుగా ఓడి, తర్వాతి మ్యాచ్‌లో సొంత గడ్డ మీద టల్సా చేతిలో 19-12తో ఓడితే మూడు మ్యాచ్‌లకే తీసేశారు. తీసేయొద్దని నేను అనను, నిరుడు కూడా 3-9. కానీ ఇరవై ఏళ్ల మనిషిని సీజన్ మధ్యలో, వీడ్కోలు మ్యాచ్ అనేదే లేకుండా పంపడం మనసుకి కష్టంగా ఉంది. మీ బీమర్‌కి ఆ మర్యాద దక్కింది. తానే చెప్పి, చివరి నెల ఆడించి, సొంత స్టేడియంలో దండాలు పెట్టించుకుని వెళ్లాడు. అది చిన్న విషయం కాదు అన్నా.

#18 హోకీ2009
నిజం కిరణ్. ఆ నెలలోనే వర్జీనియా మీద 23-20తో గెలిచి ఆ 23వ బౌల్ గేమ్ సంపాదించాడు, చివరి మ్యాచ్‌లో మీ పక్క టల్సా మీదే 55-52. డిఫెన్స్‌కి పేరుపడ్డ టీమ్ అన్ని పాయింట్లు ఇచ్చుకుని గెలిచిన మ్యాచ్ అది. నేను అప్పుడు డాలస్‌లో ప్రాజెక్టులో ఉన్నా, ష్రెవ్‌పోర్ట్ దాకా కారేసుకుని వెళ్లా. మూడు గంటల దారి.

మాస్టారి గారి అబ్బాయి రాసింది చదివాక నా మొదటి ప్రశ్నే మారిపోయింది. ఫాస్టర్ ఉన్న నాలుగేళ్లు ఎలాగో నడిచింది. ఆయనతో పాటు మిగిలిన పాత పరిచయాలూ పోయాయి. మేము అప్పుడు ఆఫెన్స్ బాగాలేదు, క్వార్టర్‌బ్యాక్ బాగాలేడు అని వాదించుకున్నాం. ఇల్లిల్లూ తిరగడం ఎప్పుడు ఆగిపోయిందో మాలో ఒక్కరూ గమనించలేదు.

#19 లెక్కల_లక్ష్మి
ఆ తిరగడానికి కూడా మనుషులు కావాలి, మనుషులకి జీతాలు కావాలి. రిక్రూటింగ్‌కి క్లెమ్సన్ ఎంతమందిని పెట్టింది, మనం ఎంతమందిని పెట్టాం అన్నది చూడాలి. బీమర్ తన పేరుతో ఆ లోటు కనబడకుండా నడిపించాడు. ఆయన వెళ్లాక లోటు బయటపడింది, నింద మాత్రం వచ్చినాయన మీద పడింది. అందుకే నాకు ఫ్యూంటే మీద కోపం లేదు.

ఫ్రాంక్లిన్ మీద మాత్రం ఒక అనుమానం ఉంది. పెన్ స్టేట్‌లో 104-45, నిరుడు సెమీఫైనల్ దాకా వెళ్లాడు, సరే. కానీ టాప్ 10 టీమ్‌ల మీద 4-21. పెద్ద మ్యాచ్ గెలవలేడన్న పేరు ఊరికే రాలేదు.

#20 757_వాసు
మనం ఇప్పుడు ఓడిపోతున్నది టాప్ 10 చేతిలో కాదక్కా, ఓల్డ్ డొమినియన్ చేతిలో! ఓడించకూడని టీమ్‌లు మనల్ని ఓడించకుండా చూసే మనిషి ముందు కావాలి. దానికి ఫ్రాంక్లిన్‌ని మించినవాడు ఇప్పుడు దొరకడు. వాండర్‌బిల్ట్ లాంటి చోట మూడేళ్లలో 24-15 తెచ్చినవాడు. పైగా మా 757 హైస్కూల్ కోచ్‌ల ఫోన్ నంబర్లు ఇప్పటికే ఆయన దగ్గర ఉన్నాయి. పదేళ్లుగా ఆయన కాఫీ తాగుతున్న ఇళ్లే అవి. మా ఎదురింటాయనకి నిన్న సాయంత్రం ఈ వార్త చెబితే ఒకటే అన్నాడు, ‘ఆ మనిషిని నేను గుర్తుపడతాను’ అని. ఫ్యూంటే గురించి ఆ మాట ఎప్పుడూ అనలేదు.

#21 బ్లాక్స్‌బర్గ్_పీహెచ్‌డీ
ఇది బలమైన పాయింట్. అయినా ఆయన 2014 నుంచి పెన్ స్టేట్‌లో ఉండి, ఇప్పుడు మనకి ఎన్నేళ్లు ఇస్తాడు? రెండేళ్లు బాగా ఆడి ఇంకో పెద్ద చోటు నుంచి పిలుపొస్తే? నాకు ఆ టెన్షన్ ఉంది. బీమర్ మన దగ్గర చదివి, మన దగ్గర ఆడినవాడు, 2000లో నార్త్ కరోలినా పిలిచినా చివరికి వెళ్లలేదు. ఆ బంధం కొనుక్కుంటే రాదు.

#22 సీడర్‌ర్యాపిడ్స్_సుధ
రెండేళ్లు బాగా ఆడితే ఆ రెండేళ్లలో ఆయన వెనక ఎవరు తయారవుతున్నారో చూసుకోండి. ఫెరెంట్జ్ కూడా వెళ్లే రోజు వస్తుంది, మాకూ ఆ భయం ఉంది. ఎవరూ పైకి మాట్లాడరు.

#23 ఆష్‌బర్న్_అమ్మ
ఇవాళ మా వాడితో నలభై నిమిషాలు మాట్లాడాను! 1992 సంగతి, ఆ ఓల్డ్ డొమినియన్ సంగతి నేనే చెప్పా. వాడు నోరెళ్లబెట్టాడు, నీకెవరు చెప్పారమ్మా అని. ఈ శనివారం మయామీతో మ్యాచ్‌కి రమ్మంటున్నాడు. కొత్తాయన వచ్చే ఏడాది నుంచి కదా, ఇప్పుడెందుకురా అంటే, ఓడిపోతున్న ఏడాది కూడా ఒకసారి రావాలమ్మా అన్నాడు. వాళ్ల నాన్నకి ఆఫీసు పని, నాకు ఒక్కదాన్నే అంత దూరం డ్రైవ్ చేయడం భయం.

#24 హోకీ2009
అక్కా, నేను హెర్న్‌డన్‌లోనే ఉంటా. మా ఆవిడ, మా పాప వస్తున్నారు, కార్లో ఒక సీటు ఖాళీ. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి బయల్దేరితే 81 హైవే మీద ట్రక్కుల రద్దీ ఉన్నా రాత్రి ఎనిమిదిలోపు చేరతాం, మధ్యలో హారిసన్‌బర్గ్‌లో ఆగుదాం. మాస్టారి గారి అబ్బాయీ, మీరు రిచ్‌మండ్ నుంచి అమ్మాయి కోసం ఎలాగూ వస్తారేమో, వస్తే స్టేడియం బయట బీమర్ విగ్రహం దగ్గర కలుద్దాం.

#25 డ్రిల్‌మాస్టారి_అబ్బాయి
వస్తానండి. నాన్న కూడా ఇప్పుడు ఇక్కడే ఉన్నారు, ఫిబ్రవరి దాకా. చలి ఎలా ఉంటుందో చెప్పండి, ఆయనకి మంకీ క్యాప్ చాలా, ఇంకేమైనా కొనాలా?